కల్లంలో ఎనిమిది

నవంబరు 28

కంప్యూటరు నన్ను ప్యాసు చేసింది. మా వాడే చేయలేదు.

పొద్దున టౌనుకి పోయి ఎల్లెల్లార్ పరీక్ష రాశాను. బండి నేర్చుకునేవాళ్ళకి ముందు ఆ కాయితం ఇస్తారు, అసలు లైసెన్సు తర్వాత. రాసేదేముందిలే, రోడ్ల పక్కన పెట్టే బొమ్మలు చూపించి ఇదేంది, అదేంది అని అడుగుతుంది, వేలితో నొక్కాలి. పక్కన కూచున్న ఇంజనీరింగు కుర్రాడు రెండుసార్లు నా తెర వంక తొంగిచూశాడు. చూడనిచ్చాను.

నేను బడి మొహం చూడలేదు. నా అక్షరాలన్నీ గోడల మీదివి. పురుగుమందుల ప్రకటనలు, సినిమా పోస్టర్లు, ఓట్లప్పుడు సున్నం మీద రాసే పేర్లు. మా ఆయన సైదులు తన ఎక్సెల్ బండి మీద నన్ను ఊరూరా దూదేకే పనికి తీసుకుపోయేవాడు. ముందు దూది ఏకే నిలువెత్తు విల్లు, మధ్యలో ఆయన, వెనక నేను, నా ఒళ్ళో దూది మూట. దారి పొడుగునా కనపడ్డ గోడనల్లా పైకి చదివేదాన్ని. "నువ్వుండగా బండికి హారన్ ఎందుకే" అనేవాడు. చివరికి ఆసుపత్రిలో కూడా మందు డబ్బాల మీదివి చదివి వినిపించాను. అర్థం కాకపోయినా వినేవాడు. సరే, యాడికో పోతున్నాను.

ఇంటికొచ్చి కాయితం మాలిక్‌కి చూపించాను. ఆటో తోలే నా కొడుకు, దారిన పోయే ఆవుదూడ నాలుగు రోడ్లు దాటిందని ఎవరో చెబితే నవ్వినట్టు నవ్వాడు.

"అరవై మూడేళ్ళకి ఇదేందమ్మా? పడితే తుంటి విరుగుద్ది. నాన్న బండి అమ్మేద్దామనుకుంటున్నా."

"అమ్మితే నేను పనికి ఎట్టా పోవాలి?"

"నేను ఆటోలో దింపుతా కదా."

దింపుతాడు. రేపు. వాడి దగ్గర రేపులు చాలా ఉన్నాయి. తాళ్ళూరు నుంచి ఒకావిడ పాత పరుపు విప్పించి దూది ఏకించుకుందామని ఫోన్ చేస్తే, వీడి రేపుల కోసం ఎదురుచూసి చూసి ఆవిడ స్పాంజి పరుపు కొనుక్కుంది. ఇంటి గుమ్మంలో నిలబడితే కనుచూపు మేర పత్తి చేలు. ఆ చేల మధ్యన ఇల్లు కట్టుకుని స్పాంజి మీద పడుకుంటారా? ఎండాకాలంలో వీపు కింద కుంపటి పెట్టుకున్నట్టు ఉండదా? ఎవరినడగను ఈ మాట?

చివరికి పందెం లాంటిది వేశాడు. "లైసెన్సు తెచ్చుకో, తాళం నీదే. ఈ కాయితానికి మే నెలాఖరు దాకా గడువు. అప్పటికి రాకపోతే అమ్మేస్తా, మళ్ళీ మాట్లాడకూడదు. అప్పటిదాకా హనుమాయమ్మత్త కల్లంలో తిప్పుకో. రోడ్డెక్కావా, తాళం తీసేసుకుంటా."

సరే అన్నాను. వాడికి పాలిచ్చినప్పుడు కూడా ఇన్ని షరతులు లేవు.

నవంబరు 29

పొద్దున లేచాక కూడా కోపం తగ్గలేదు. మంచిదే. పనికొస్తుంది.

ఫిబ్రవరి 3

హనుమాయమ్మ వదిన కల్లం తయారైంది. ఇన్నాళ్ళూ దానికోసమే ఆగాను. మా రేగడి నేల మీద ఎక్సెల్ నేర్చుకోవడమంటే పిండిముద్దలో గరిట తిప్పడమే. అలికి, తొక్కి, గట్టిపరిచిన కల్లమైతే సిమెంటు లాగా ఉంటుంది. మిరపకాయలు ఎండబోసి మధ్యకి రాశి చేసింది వదిన. చుట్టూ బండి తిరిగేంత చోటుంది.

వదినా నేనూ ఒకే వీధిలోకి కాపరానికొచ్చాం. ఆమె కమ్మవారి కోడలు, నేను దూదేకుల కోడలిని, ఇద్దరి అత్తలూ ఒకే రకం. అప్పట్నుంచీ వదినా వదినా అనుకుంటున్నాం.

షరతు ఆమెకీ ఉంది.

"చెప్పులు విప్పి ఎక్కు. రాశిని కుడిచేతి పక్కన పెట్టుకునే తిరగాలి, గుడిచుట్టూ తిరిగినట్టు. ఎదురు చుట్టు తిరిగావంటే ఊరుకోను జానీ. లక్ష్మి అది."

"లక్ష్మికి పెట్రోలు వాసన ఇష్టమేనా వదినా?"

"వేళాకోళాలాడితే బండి బైట పెట్టు."

ఎక్కాను. కదలడం వచ్చింది. ఆగడం రాలేదు. వదిన నులకమంచం ఆపింది, దాని కోడు విరిగింది. అప్పుడు వదిన దాని మీద లేదు, అల్లా దయ.

ఫిబ్రవరి 9

పడ్డాను. రాయడానికేం లేదు.

ఫిబ్రవరి 10

పడ్డాను. ఎవరూ చూడలేదు. వదిన చూసింది గానీ చూడనట్టు కాయలు తిరగేసింది.

ఫిబ్రవరి 19

రాశి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో నాకే తెలియదు. మిరప ఘాటుకి తుమ్ముతూ కూడా హేండిల్ వదల్లేదు. మేకలొస్తే బండి మీదే తరిమేస్తున్నాను. వదిన కావలికి పెట్టిన మనిషిని మాన్పించింది. జీతం లేని కావలి నేను.

మాలిక్ వచ్చి కాసేపు నిలబడి చూశాడు. "బానే తిప్పుతున్నావే" అన్నాడు. వాడి గొంతులో బాధ వినిపించింది.

ఫిబ్రవరి 27

అన్యాయం.

మెకానిక్కు ఆదాం నా బండిని టౌనుకి తోలుకొచ్చాడు. లైసెన్సిచ్చే ఆమె, అదే, బ్రేకు ఇన్‌స్పెక్టరు, ఆడపిల్ల. నా కోడలి వయసు. చూడగానే హమ్మయ్య అనుకున్నాను. ఆడమనిషి కష్టం ఆడమనిషికి తెలుస్తుంది కదా అని. ఏం తెలియదు.

నేల మీద తెల్లరంగుతో ఇంత పెద్ద ఎనిమిది గీశారు. ఆ గీతల మధ్యన కాలు కింద పెట్టకుండా బండి తోలాలి. మొదటి సున్నా కుడిపక్కకి. నూనెలో జారినట్టు పోయాను. గట్టు మీద కుర్రాళ్ళు "మామ్మ సూపర్" అని అరిచారు. ఎనిమిది నడుముకొచ్చాక ఎడమపక్క సున్నాలోకి తిప్పాలి. తిప్పాను. బండి తిరగలేదు. నేరుగా పోయి షెడ్డు కింద కూచున్నవాళ్ళ మధ్యన ఆగింది. ఒకాయన చేతిలో టీ గ్లాసు ఇంకొకాయన మీద పడింది.

"మళ్ళీ రండమ్మా" అందా పిల్ల, కాయితం మీద నుంచి తలెత్తకుండా.

కారణాలు నాకు తెలుసు. ఆ కుర్రాళ్ళు అరవబట్టి. రంగు కొత్తది, మెరుస్తోంది, కళ్ళలోకి కొట్టింది. నేను చెప్పులేసుకున్నాను, కల్లంలో అలవాటు లేదు. పైగా ఆదాం తనకు సరిపోయేలా వెనక్కి జరిగి కూచుని సీటు గుంట చేశాడు.

మార్చి 1

ఇంకో కారణం. గాలి.

మార్చి 2

రోజాలు మొదలు. వదిన, "ఉపవాసాలప్పుడు మానేయవే" అంది. మానను. పొద్దు చల్లగా ఉన్నప్పుడే తిప్పుకుంటాను. దాహం వేస్తే కోపం పెరుగుతుంది, కోపం వస్తే బండి బాగా తోలతాను.

వదినకి మిరపకాయల రేటు దిగులు. నిరుడు ఈపాటికి లారీలు గుమ్మంలో ఉన్నాయి. ఈ ఏడు మిర్చి యార్డుకి తీసుకుపోయినవాళ్ళు మొహాలు వేలాడేసుకుని తిరిగొస్తున్నారు. ఆమె అమ్మనంటోంది. రాశి కదలదు. కదలకపోతే నాకూ మంచిదే. ఈ మాట ఆమెతో అనలేదు.

మార్చి 25

మళ్ళీ పోయింది. అదే చోట.

కుర్రాళ్ళు లేరు. చెప్పులు విప్పాను. గాలి లేదు. రంగు మాసిపోయింది. ఆదాం ఈసారి సీటు అంచున కూచుని తోలుకొచ్చాడు. కుడి సున్నా మిఠాయి. ఎడమ సున్నా మొదట్లోనే కాలు కిందపెట్టాను.

ఇంట్లో మాలిక్: "రోజాలో తల తిరిగుంటదమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నా తల తిరగలేదురా. బండి తిరగలేదు. నీ జాలి అవతల పెట్టు. నా ఉపవాసం మీదికి నెట్టావంటే నోరు పడిపోద్ది."

"మరి కారణమేంది?"

"బండి. హేండిల్ ఎడమపక్కకి బిగుసుకుపోయింది. మీ నాన్న వాగులో పడేసినప్పటి నుంచీ అంతే."

నిజంగా ఒకసారి పడేశాడు. పెళ్ళి పరుపులు మూడు కట్టుకుని వస్తుంటే గేదె అడ్డమొచ్చి వాగులోకి పోయాం. పరుపులు నీళ్ళు తాగి ఒక్కోటీ చచ్చిన ఏనుగంత బరువెక్కాయి. ఆయన మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతుంటే, ముందు బండి లేపి, దాన్ని కొంగుతో తుడవమన్నాడు. తుడిచాను. ఆయన మోకాలు కాదు, బండి. అప్పుడే హేండిల్ వంకర పోయుంటుంది.

మార్చి 26

బండిని ఆదాం దగ్గరికి నడిపించుకుపోయాను. వాడు హేండిల్ విప్పి, గ్రీజు పెట్టి, బిగించి, ఎక్కి ఎడమపక్కకి గింగిరాలు తిప్పి చూపించాడు.

"దీనికేం రోగం లేదు పెద్దమ్మా. నీకే ఎడంపక్కకి రావడం లేదు."

"నాకు రాకపోవడమేందిరా? కుడిపక్కకి వచ్చినదాన్ని ఎడమపక్కకి రానా? మనిషినా, గడియారాన్నా?"

వాడు నవ్వాడు. వాడి కొట్టుకి ఇంక పోను.

ఏప్రిల్ 1

నిన్న పండగ. వదినకి సేమ్యా పంపాను. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు ఖాళీగా ఇవ్వకూడదని గుప్పెడు ఎండుమిరపకాయలు వేసి పంపింది. రేటు లేని సరుకు అందరికీ పంచుతోంది.

ఏప్రిల్ 4

నాకు ఇప్పుడు రాయడానికి కూడా మంటగా ఉంది.

పొద్దున రాశి చుట్టూ తిప్పుతున్నాను. ఒక మేక వచ్చి నా ఎడమపక్కన, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, పరిచిన కాయల దగ్గర నిలబడింది. నేను హేయ్ అని అరిచి, రాశి చుట్టూ మొత్తం ఒక రౌండు వేసుకుని దాని దగ్గరికి వచ్చాను. వచ్చేసరికి అది నాలుగడుగులు ముందుకి జరిగింది. మళ్ళీ రౌండు వేశాను. మళ్ళీ జరిగింది. వదిన మంచం మీద నుంచి చూసి పడీ పడీ నవ్వింది.

"ఏమే జానీ, మేక ఎడంపక్కన ఉంటే ఊరంతా తిరిగి వస్తావేందే? ఇటు తిప్పితే పోదా?"

బండి ఆపేశాను.

రెండు నెలలు. రెండు నెలలుగా నేను కుడిపక్కకి తప్ప తిరగలేదు. ఎడమపక్కకి ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా తిప్పలేదు. గాలిదీ కాదు, రంగుదీ కాదు, మా ఆయన వాగుదీ కాదు.

ఇది నాకు మేక చెప్పాల్సిన సంగతా?

ఏప్రిల్ 5

వదినని అడిగాను. ఎదురు చుట్టు తిరగనివ్వమని. మర్యాదగానే అడిగాను. మొదట్లో.

"చెప్పాను కదే. కుదరదు."

"నేర్చుకునేదాకా వదినా. నీ రాశిని ముట్టుకోను, దూరంగా తిరుగుతా."

"ఈ ఏడు రేటు లేక చస్తుంటే, కల్లంలో ఎదురు చుట్టు తిరుగుతావా? నా కొంపకి నువ్వే కావాలా?"

"రెండు నెలల బట్టీ సవ్యంగానే తిరిగాను కదా. రేటు పెరిగిందా?"

అనకూడని మాట. కానీ ఒప్పేగా.

ఆమె మొహం ఎర్రబడింది. నేనూ తగ్గలేదు. "హజ్‌కి పోయినవాళ్ళు కాబా చుట్టూ ఎడమపక్కకే తిరుగుతారు. అంత పుణ్యం వస్తోంది, నీ మిరపకాయలకి వచ్చిన నష్టమేంది?"

"అయితే అక్కడికే పోయి నేర్చుకో" అంది.

బండి నడిపించుకుంటూ వచ్చేశాను.

ఏప్రిల్ 6

వదిన మాట్లాడలేదు.

ఏప్రిల్ 7

నేనూ మాట్లాడలేదు. పంపు దగ్గర ఇద్దరం ఒకేసారి బిందె పెట్టాం. ఇద్దరం ఒకేసారి తీశాం. వెనకున్నామె నీళ్ళు పట్టుకుపోయింది.

ఏప్రిల్ 9

ఊరి చివర పాడుబడ్డ పొగాకు బారెన్ ఉంది. ఒకప్పుడు ఆకు కాల్చిన ఇల్లు. నాలుగు గోడలు, పైన రేకుల్లేవు, చుట్టూ గులకరాయి నేల. అక్కడిదాకా బండి ఎక్కకుండా నడిపించుకుపోయాను. మాలిక్‌కి ఇచ్చిన మాట మాటే. అక్కడ ఎక్కాను. బారెన్‌ని ఎడమచేతి పక్కన పెట్టుకుని తిప్పడం మొదలుపెట్టాను.

చెయ్యి ఒప్పుకోదు. భుజం ఒప్పుకోదు. అసలు కళ్ళే ఒప్పుకోవు, తల అటు తిప్పితే చూపు ఇటు పోతోంది. తిరగలి ఎటు తిప్పాను? ఒకపక్కకే. అత్తగారింట్లో గింజలు రాల్చడానికి బంతి తొక్కించిన ఎద్దులు ఎటు తిరిగాయి? ఒకపక్కకే. అరవై మూడేళ్ళుగా నన్ను ఒకే పక్కకి తిప్పి, ఇప్పుడు ఇంకోపక్కకి తిరగలేదని కాయితం మీద రాస్తారు.

గోడకి గుద్దాను. గోడకేం కాలేదు.

ఏప్రిల్ 13

మోచెయ్యి చెక్కుకుపోయింది. పసుపు పెట్టాను. మాలిక్ అడిగితే గుమ్మం తగిలిందన్నాను.

ఏప్రిల్ 18

వచ్చింది! ఎడమపక్కకి వచ్చింది. గోడని గీరుకోకుండా, కాలు పెట్టకుండా, మళ్ళీ మళ్ళీ తిరిగాను. ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. కల్లం వైపు చూశాను. వదిన దూరంగా కాయలు తిరగేస్తోంది. చెప్పుకోలేదు. బారెన్‌కి చెప్పాను.

ఏప్రిల్ 22

పోయింది.

బండిని ఆదామే తెచ్చాడు, వాడి కొట్టుకి పోనన్నానే గానీ వాణ్ణి రావద్దనలేదు. కుడి సున్నా వచ్చింది. ఎడమ సున్నా వచ్చేది. కానీ నడుములో, ఒకదాన్లోంచి ఇంకోదాన్లోకి పోయేచోట, బండి ఆగిపోయింది. నేనే ఆపాను. కుడిపక్కకి రావడం ఒక సంగతి, ఎడమపక్కకి రావడం ఒక సంగతి, ఇందులోంచి అందులోకి పోవడం మూడో సంగతి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

ఆ పిల్ల ఈసారి తలెత్తింది. "మీకు రెండూ వచ్చమ్మా. మధ్యలో ఆలోచిస్తున్నారు."

ఆలోచించడం కూడా తప్పేనా? జీవితమంతా ఆలోచన లేదన్నారు. వాళ్ళేనా వీళ్ళు?

ఏప్రిల్ 23

రాయను.

ఏప్రిల్ 29

మాలిక్ ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. పేరు అమానుల్లా, చీరాలవాడు, వాడరేవులో చేపలు మోయడానికి బండి కావాలంట. నా బండి టైరుని కాలితో తన్ని చూశాడు. సీటు మీద చెయ్యేసి నొక్కాడు. ఉప్పునీళ్ళలో తిప్పుతారు, ఏడాదిలో తుప్పుపట్టి పోద్ది.

"గడువు అయిపోలేదు" అన్నాను.

"చూసుకుంటున్నాడమ్మా, ఇప్పుడే అమ్మడం లేదు" అన్నాడు మాలిక్, నా మొహం వంక చూడకుండా.

"చూడటం అయిపోయిందా?" అని ఆయన్నే అడిగాను. "అయితే కాలు తీయండి."

పాపం ఆయన తీశాడు. ఆయన తప్పేముంది. అయినా టీ ఇవ్వలేదు.

మే 3

వదిన వచ్చింది. ఇంటికి. గుమ్మంలో నిలబడి, లోపలికి రాకుండా, వీధి వంక చూస్తూ మాట్లాడింది.

"చేపలోడొచ్చాడంటగా."

"వచ్చాడు."

"అమ్మనిస్తావా?"

"నీకెందుకు?"

"నా మంచం విరగ్గొట్టినదానివి. లైసెన్సు లేకుండా పోతే నాకు పరువు తక్కువ." గుమ్మం దిగింది. "తాలు ఏరించాను. రా."

తాలంటే రంగు చచ్చి తెల్లబడ్డ కాయలు. మంచి రాశిలో కలిస్తే యార్డులో వాళ్ళు పైకెత్తి చూపించి పరువు తీస్తారు, అందుకని ఏరి పక్కన పోస్తారు. నాకేం అర్థం కాలేదు. పోయాను.

కల్లంలో రెండు కుప్పలున్నాయి. ఒకటి ఎర్రది, రాశి. ఇంకోటి తాలు, పాలిపోయి, రాశికి ఎదురుగా కొంచెం దూరంలో. మధ్యన కొత్త కోడు వేసిన మంచం మీద వదిన కూచుంది.

"రాశికి సవ్యంగా తిరుగు. తాలుకి ఎదురు తిరుగు. తాలులో లక్ష్మి ఉండదు, నువ్వెటు తిరిగినా నాకు పోయేదేం లేదు."

నేను చూస్తూ నిలబడిపోయాను. రాశి చుట్టూ కుడిపక్కకి, అక్కణ్ణుంచి దాటి తాలు చుట్టూ ఎడమపక్కకి. అచ్చం ఎనిమిది. ఆ పిల్ల గీతల కంటే బాగుంది.

"ఎప్పుడు తట్టింది వదినా?"

"నువ్వు బారెన్ గోడల్ని గుద్దుతున్నప్పుడు. ఊరంతా వినపడింది."

"మరి అప్పుడే చెప్పవచ్చుగా?"

"మాట్లాడుకోవడం లేదు కదే."

మే 5

వదిన మంచం మీద కూచుని అరుస్తుంది: "రాశి! తాలు! రాశి! తాలు!" నడుముకి రాగానే ఆలోచించే తీరిక ఇవ్వదు. పెద్ద నోరు నాదే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

మే 8

తాలు కుప్పలోకి పోయాను. ముక్కులోకి, కళ్ళలోకి. సాయంత్రందాకా తుమ్మాను. వదిన నీళ్ళు పోస్తూ, "రాశిలోకి పోకుండా తాలులోకి పోయావు, బుద్ధి వచ్చింది నీకు" అంది.

మే 15

ఎండ మాడ్చేస్తోంది. అయినా తిరిగాం. ఆమె అరిచింది, నేను తిరిగాను.

మే 22

ప్యాసు.

నడుములోకి వచ్చేటప్పుడు నోట్లో "రాశి, తాలు, రాశి, తాలు" అనుకుంటున్నాను. ఆ పిల్ల, "ఏంటమ్మా, మంత్రమా?" అంది. "కాదు, మిరపకాయలు" అన్నాను. మొదటిసారి నవ్వింది. మంచిపిల్లే. మొదట్లోనే నవ్వి ఉంటే నాకింత కోపం వచ్చేది కాదు.

ఇంటికొచ్చేసరికి మాలిక్ ఆటో స్టాండులో అందరికీ మైసూర్‌పాక్ పంచుతున్నాడు. "మా అమ్మకి నేనే నేర్పించా. పందెం వేసి మరీ నేర్పించా. అట్టా రెచ్చగొట్టకపోతే నేర్చుకునేదా?" అంటున్నాడు.

నేను నేర్చుకున్నది మేక దగ్గర, పాడుబడ్డ బారెన్ దగ్గర, తాలుకుప్ప దగ్గర. వీడెక్కణ్ణుంచొచ్చాడు? ఒక ముక్క తీసుకుని, "తాళం" అన్నాను. తీసిచ్చాడు. మా ఆయన కట్టుకున్న నల్లదారం ఇంకా దానికే ఉంది.

మే 26

వదిన కాయలు టిక్కీ బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీకి పంపింది. రేటు సంగతి ఇద్దరం ఎత్తలేదు. కల్లం ఖాళీ. బోసిగా ఉంది.

జూన్ 12

కార్డు పోస్టులో వచ్చి నాలుగు రోజులైంది. ఫొటోలో దొంగతనం చేసి దొరికినదానిలా ఉన్నాను. అయినా నేనే.

తాళ్ళూరు నుంచి ఫోన్ వచ్చింది. స్పాంజి పరుపు కొనుక్కుంది చూశావా, ఆవిడే. కూతురు పురిటికి వచ్చిందంట, ఆ స్పాంజి మీద పడుకోలేక వేడికి అల్లాడుతోందంట, అటక మీద పాత దూది పరుపు ఉంది, వచ్చి ఏకి కుడతావా అని. వస్తానన్నాను. మాలిక్‌కి చెప్పలేదు. విల్లుని మా ఆయన కట్టినట్టే బండికి వారగా కట్టాను. హెల్మెట్టు పెట్టుకుని దాని మీద కొంగు కప్పుకున్నాను.

రోడ్డు మీద మొదటిసారి ఒక్కదాన్నే. గోడలు చదవలేదు. చదివితే పడతాను.

అడ్డరోడ్డు దగ్గర పోలీసులు బండ్లు ఆపుతున్నారు. దూరం నుంచే చూసి కుర్రాళ్ళు వెనక్కి తిప్పుకుని పోతున్నారు. నేను కావాలని నెమ్మదిగా, రోడ్డు మధ్యకి పోయాను. రొంటిన సంచిలో కార్డుంది. ఆపుతాడు, అడుగుతాడు, తీసి ఇస్తాను. ఏడు నెలలుగా ఇదే అనుకుంటున్నాను.

కానిస్టేబుల్ నా వంక సరిగ్గా చూడను కూడా చూడలేదు. ఒక చేత్తో కుర్రాణ్ణి పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను ఈగని తోలినట్టు తోలాడు. "పో మామ్మా, పో పో."

పోయాను. కొంచెం దూరం. ఆగాను.

ఇంతేనా? మేక, గోడ, తాలు ఘాటు, చేపలాయన కాలు, అంతా ఈ "పో పో" కోసమేనా?

స్టాండు వేశాను. వెనక్కి నడిచాను.

"నన్నెందుకు ఆపలేదు?"

"పెద్దదానివి కదా మామ్మా, పోనీలే అని."

"పోనీలే ఏంది? వీణ్ణి అడిగావుగా. నన్నడుగు."

"ఏం అడగాలి?"

"ఏం అడుగుతారో అదే."

కుర్రాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. "సరే మామ్మా, లైసెన్సు ఉందా?"

సంచి విప్పి కార్డు తీసి ఇచ్చాను. నవ్వుతూనే అందుకున్నాడు. ముందు చూశాడు. తిప్పి వెనక చూశాడు. అక్కడ ఆపిన బండి వంక, దానికి కట్టిన విల్లు వంక చూశాడు. మళ్ళీ కార్డు మీద నా పేరు చదివాడు, పైకే, "షేక్ జానీబీ" అని. నవ్వు ఎప్పుడు పోయిందో నేను గమనించలేదు. కార్డు నా చేతికిచ్చి, దారి ఇవ్వమని ఆ కుర్రాణ్ణి పక్కకి జరిపాడు.

"వెళ్ళండి" అన్నాడు.

వెళ్ళాను.